అయిదు రిలేలు, ఒక రాయల్ ఫ్లష్: డేవిడ్ గాట్లిబ్ జీవితం

మాది నారాయణఖేడ్. మ్యాప్‌లో చూస్తే తెలంగాణ అంచున ఉంటుంది, పక్కనే కర్ణాటక. 1956 దాకా మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్‌లో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. మా బజార్లో ఒకే మనిషి తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిపి బేరం ఆడేస్తాడు. మాకు బోర్డర్ అంటే పెద్ద విషయమేం కాదు, బస్సులో కూర్చుంటే ఎప్పుడు దాటామో కూడా తెలియదు.

ఫోన్‌కి మాత్రం తెలుస్తుంది. ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో నాకది అర్థమైంది. మా ఊళ్లో ఉన్నప్పుడు తెరుచుకోని ఒక రమ్మీ యాప్, బీదర్ పోయే బస్సు బోర్డర్ దాటగానే తెరుచుకునేది. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటం 2017 నుంచే నిషేధం. అవతల అప్పటికి లేదు. అదే ఫోన్, అదే నేను, అవే పత్తాలు. గీతకి ఇటు పక్క నేరం, అటు పక్క ఆట. అన్న అకౌంట్‌తో రెండు ట్రిప్పుల్లో 2,400 రూపాయలు పోగొట్టుకున్నాను. అవి కౌన్సెలింగ్ ఖర్చులకని నాన్న ఇచ్చిన డబ్బులు. ఇంట్లో చెప్పలేదు.

ఈ సంచికకి ఎవరైనా ప్రముఖుడి జీవితం రాయమని క్లబ్బు వాళ్ళు అడిగితే నాకు గుర్తొచ్చింది డేవిడ్ గాట్లిబ్. మనలో చాలామంది ఆయన పేరు వినుండరు. కానీ స్కూల్ ల్యాబ్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మీద స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ ఆడినవాళ్ళు ఉంటారు కదా. సార్ అటు తిరగ్గానే ఆడేవాళ్ళం. ఆ పిన్‌బాల్‌ని ఒక వ్యాపారంగా నిలబెట్టినవాళ్ళలో మొదటి పేరు గాట్లిబ్‌దే. ఇది జూదమా, ఆటా అన్న ప్రశ్న ఆయన్ని నలభై ఏళ్ళకు పైగా వదల్లేదు. నేను రెండు ట్రిప్పుల్లో ఎదుర్కొన్న ప్రశ్న కూడా అదే. అందుకే ఆయన కథ రాస్తున్నాను.

మేకుల బోర్డు

ముందు ఆట గురించి కొంచెం. మా తాతవాళ్ళ ఇంట్లో అటక మీద ఒక చెక్క బోర్డు ఉంది. నాన్న చిన్నప్పటిది. మేము మేకుల బోర్డు అనేవాళ్ళం, అసలు పేరు బగాటెల్. వాలుగా పెట్టిన బల్ల మీద మేకులు కొట్టి ఉంటాయి. మధ్యలో అర్ధచంద్రాకారంలో చిన్న గూళ్ళు, వాటిలో అంకెలు. కుడివైపు స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గుండు పైకి వెళ్ళి, మేకులకి తగులుతూ ఎక్కడో పడుతుంది. ఎక్కడ పడితే అన్ని పాయింట్లు. మన దేశంలో ఒక తరం పిల్లలందరికీ ఇది తెలిసిన బొమ్మే.

ఈ ఆట 1700ల చివర్లో ఫ్రాన్స్‌లో పుట్టింది. అప్పుడు గుండుని కర్రతో కొట్టేవాళ్ళు. 1871లో అమెరికాలోని సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన కర్ర తీసేసి స్ప్రింగు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. మా అటక మీది బోర్డు ఆ పేటెంట్ మనవడే.

ఇందులో ఒక చిక్కుంది. స్ప్రింగు వదిలాక మన చేతిలో ఇంకేం ఉండదు. గుండు దాని దారిన అది పోతుంది. స్ప్రింగు ఎంత లాగాలో తెలియడం కొంచెం నైపుణ్యం అనొచ్చు, మిగతాదంతా అదృష్టమే. గాట్లిబ్ మొదలుపెట్టింది సరిగ్గా ఇక్కడ.

17 డాలర్ల 50 సెంట్లు

డేవిడ్ గాట్లిబ్ 1900లో పుట్టాడు. 1927లో షికాగోలో డి. గాట్లిబ్ అండ్ కంపెనీ పెట్టాడు. మొదట్లో అమ్మినవి పిడికిలి బలం కొలిచే యంత్రాల్లాంటివి. నాణెం వేసి పిడి బిగిస్తే ముల్లు కదులుతుంది, అంతే. తర్వాత ఇంకో కంపెనీ వాళ్ళ బింగో అనే మేకుల ఆటని తయారుచేసే పని తీసుకున్నాడు. అది అమ్ముడుపోవడం చూశాక 1931 చివర్లో సొంతంగా ఒకటి చేశాడు. దాని పేరు బాఫిల్ బాల్.

బాఫిల్ బాల్‌లో కరెంటు లేదు, లైట్లు లేవు, గంట లేదు. షాపు కౌంటర్ మీద పట్టేంత సైజు. ఒక సెంటు వేస్తే కొన్ని గుండ్లు వస్తాయి, స్కోరు ఆడేవాళ్ళే మనసులో లెక్కపెట్టుకోవాలి. ధర 17 డాలర్ల 50 సెంట్లు. అలాంటివి 50,000 దాకా అమ్ముడుపోయాయి. ఫ్యాక్టరీ రోజుకి 400 యంత్రాలు చేసినా చాలలేదు.

1931 అంటే గ్రేట్ డిప్రెషన్ రోజులు. బ్యాంకులు మూతపడుతున్నాయి, ఉద్యోగాలు లేవు. అలాంటప్పుడు ఆట యంత్రం ఎవరు కొంటారని మనకి అనిపిస్తుంది. కానీ సినిమాకి కూడా డబ్బుల్లేని మనిషి దగ్గర ఒక సెంటు ఉంటుంది, దానికి తోడు బోలెడంత ఖాళీ టైమ్ ఉంటుంది. ఇంకోపక్క ఉద్యోగం పోయిన మనిషి రెండు మూడు యంత్రాలు కొని మంగలి షాపులోనో మందుల షాపులోనో పెట్టి, వచ్చిన చిల్లర షాపు ఓనరుతో పంచుకోవచ్చు. కష్టకాలమే గాట్లిబ్‌ని ధనవంతుణ్ణి చేసింది. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. యాప్ వాళ్ళ మార్కెట్ కూడా ఖాళీగా ఉన్న మనలాంటి వాళ్ళే కదా.

ఆర్డర్లు సరిపడా తీర్చలేకపోవడం వల్ల గాట్లిబ్‌కి పోటీ కూడా పుట్టింది. ఆయన యంత్రాలు అమ్మే రేమండ్ మలోనీ, సరుకు రాక విసిగిపోయి 1932లో సొంతంగా బాలీహూ అనే ఆట తెచ్చాడు. అదే బాలీ కంపెనీ అయింది. అక్కడి నుంచి షికాగో పిన్‌బాల్ రాజధాని అయిపోయింది.

ఆటలోకి కరెంటు, డబ్బు

తర్వాత మూడు నాలుగేళ్ళలో జరిగినవి వేగంగా చెప్తాను, ఎందుకంటే ఇవన్నీ గాట్లిబ్ ఒక్కడే చేసినవి కావు. లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ విలియమ్స్ అనే ఇంజినీరు, ఆడేవాళ్ళు బల్లని కింద నుంచి గుద్ది గుండుని దారి మళ్ళించడం చూశాడు. బల్లని ఎక్కువ కదిలిస్తే ఆట ఆగిపోయే ఏర్పాటు కనిపెట్టాడు. అదే టిల్ట్. మన భాషలో చెప్పాలంటే ఆటల చరిత్రలో తొలి యాంటీ చీట్ సిస్టమ్. 1933లో అదే విలియమ్స్ కాంటాక్ట్ అనే ఆటలో బ్యాటరీ, సోలెనాయిడ్ పెట్టాడు. గూట్లో పడ్డ గుండుని కరెంటు బయటికి తన్నేసేది. ఎలక్ట్రోమెకానికల్ యుగం అక్కడ మొదలైంది.

అదే ఏడాది బాలీ కంపెనీ రాకెట్ అనే యంత్రం తెచ్చింది. అది గెలిచినవాళ్ళకి తనే చిల్లర రాల్చేది. ఇంకేముంది, అది నేరుగా జూదమే. గాట్లిబ్ దూరంగా ఉన్నాడా అంటే, లేడు. 1930ల మధ్యలో ఆయన కంపెనీ కూడా డబ్బు రాల్చే యంత్రాలు చేసింది. ఆయన అభిమానులు ఈ ముక్కని తొందరగా దాటేస్తారు. నేను దాటదలుచుకోలేదు. మనిషి మొదట్నుంచీ ఒక నియమం పెట్టుకుని నడిచాడంటే కథ బాగుంటుంది కానీ, నిజం అది కాదు. మార్కెట్ ఎటు పోతే కొన్నాళ్ళు ఆయనా అటే పోయాడు.

దెబ్బ 1942 జనవరిలో పడింది. న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లాగార్డియా నగరంలో పిన్‌బాల్‌ని నిషేధించాడు. ఇది స్కూలు పిల్లల చిల్లర దోచుకుని ముఠాలకి పంచే జూదం అని ఆయన నమ్మకం. పోలీసులు యంత్రాలు జప్తు చేశారు. మేయర్ స్వయంగా పెద్ద సుత్తి పట్టుకుని, ఫొటోలు తీస్తుండగా వాటిని బద్దలుకొట్టాడు. ఇంకా చాలా నగరాలు అదే దారి పట్టాయి. యంత్రాలన్నీ తయారయ్యే షికాగోలో కూడా 1970ల మధ్య దాటేదాకా పిన్‌బాల్ ఆడటం నిషేధమే. అంటే గాట్లిబ్ తన ఊరి ఫ్యాక్టరీలో చేసిన వస్తువుని తన ఊరి షాపులో పెట్టలేడు.

ఇక్కడ నా వైపు నుంచి ఒక మాట. మేయర్ పూర్తిగా తప్పని నేను అనలేను. 1942 నాటి పిన్‌బాల్‌లో గుండు వదిలాక ఆడేవాడి చేతిలో ఉన్నది బల్లని కాస్త తట్టడం ఒక్కటే. అదీ ఎక్కువైతే టిల్ట్. మిగతాదంతా మేకుల ఇష్టం.

ఆరు రెక్కలు

యుద్ధం అయ్యాక, 1947లో గాట్లిబ్ కంపెనీ డిజైనర్ హ్యారీ మాబ్స్ ఒక ఆట తయారుచేశాడు. పేరు హంప్టీ డంప్టీ. అందులో రెండు పక్కలా మూడేసి చొప్పున ఆరు చిన్న రెక్కలు ఉన్నాయి. బల్ల పక్కన ఉన్న బటన్ నొక్కితే సోలెనాయిడ్ లాగి, రెక్క టక్కున తిరిగి గుండుని పైకి కొడుతుంది. అవే ఫ్లిప్పర్లు. 6,500 యంత్రాలు అమ్ముడుపోయాయి. నెలల్లో అన్ని కంపెనీలూ ఫ్లిప్పర్లు పెట్టడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది జెన్‌కో కంపెనీలో స్టీవ్ కోర్డెక్ ఆరు ఎందుకు, రెండు చాలని వాటిని బల్ల కింది భాగంలో పెట్టాడు. మనం స్పేస్ క్యాడెట్‌లో చూసింది ఆ వారసత్వమే.

ఈ ఒక్క మార్పుతో ఆట స్వభావమే మారింది. అంతకుముందు గుండు కిందికి జారడం అంటే కథ అయిపోయినట్టు. ఇప్పుడు అది కిందికొచ్చిన ప్రతిసారీ ఆడేవాడికి ఇంకో అవకాశం. మంచి ఆటగాడు ఒకే గుండుని నిమిషాల తరబడి ఆడించగలడు, కొత్తవాడు పది సెకన్లలో పోగొట్టుకుంటాడు. ఇద్దరి మధ్య తేడా కనబడుతోంది అంటే అందులో నైపుణ్యం ఉన్నట్టే.

ఆ తర్వాత గాట్లిబ్ దారి మారింది. 1950లలో బాలీ లాంటి కంపెనీలు బింగో పిన్‌బాల్ అనే యంత్రాలు చేశాయి. వాటిలో ఫ్లిప్పర్లు ఉండవు, గుండ్లు గూళ్ళలో పడితే వరుసలు కలవాలి. గెలిచిన ఫ్రీ గేములకి షాపువాడు చాటుగా డబ్బులిచ్చేవాడు. 1957లో అమెరికా సుప్రీంకోర్టు కోర్పాన్ కేసులో ఆ రకం యంత్రాల్ని పన్ను చట్టం కింద జూద యంత్రాలుగానే లెక్కించింది. గాట్లిబ్ ఆ వైపు పోలేదు. ఫ్లిప్పర్ ఆటల మీదే నిలబడ్డాడు. తమ్ముళ్ళు నేట్, సోల్ కంపెనీలో ఉన్నారు. తర్వాత కొడుకు ఆల్విన్, అల్లుడు జడ్ వైన్‌బర్గ్ వచ్చారు. డిజైన్ పని వేన్ నయెన్స్ చూసేవాడు, అద్దాల మీద బొమ్మలు రాయ్ పార్కర్ వేసేవాడు.

మరి అద్దం మీద పత్తాలెందుకు?

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇది. జూదం కాదు, జూదం కాదు అని దేశమంతా వాదిస్తున్న మనిషి, తన యంత్రాల మీద వేయించిన బొమ్మలేంటో తెలుసా? పత్తాలు. 1953లో పోకర్ ఫేస్, 1957లో ఏస్ హై, 1967లో సాలిటేర్, 1970లో కార్డ్ ట్రిక్స్. రాజులు, రాణులు, జాకీలు, ఆసులు.

వ్యాపారం వైపు నుంచి చూస్తే కారణం సులువు. పత్తాలు అందరికీ తెలుసు. కొత్త ఆట నియమాలు చదివే ఓపిక బార్‌లో నిలబడ్డ మనిషికి ఉండదు. కానీ అయిదు పత్తాలు వరుసగా కలవాలంటే మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. పత్తాలాటలోని ఉత్సాహం కావాలి, అందులోని డబ్బు వద్దు. అదే ఆ బొమ్మల వెనక లెక్క అనుకుంటాను.

ఇంజినీరింగ్ వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ యంత్రాల్లో కంప్యూటర్ లేదు, చిప్ లేదు, ఒక్క లైన్ కోడ్ లేదు. మరి ఏ పత్తా కొట్టావో యంత్రం ఎలా గుర్తుపెట్టుకుంటుంది? రిలేతో. రిలే అంటే ఇనుప ముక్క చుట్టూ తీగ చుట్టిన కాయిల్. కరెంటు వస్తే అయస్కాంతం అవుతుంది, ఎదురుగా ఉన్న పలకని లాగుతుంది, ఆ పలకకి తగిలించిన స్విచ్‌లు కలుస్తాయి. గుండు వెళ్ళి ఆసు గుర్తున్న టార్గెట్‌ని కొట్టిందనుకోండి. అక్కడి స్విచ్ ఒక్క క్షణం కలిసి ఆసు రిలేకి కరెంటు ఇస్తుంది. ఆ రిలే లాగగానే తన సొంత స్విచ్ ఒకటి కలుస్తుంది, దాని ద్వారా తన కాయిల్‌కి తనే కరెంటు ఇచ్చుకుంటూ ఉంటుంది. గుండు వెళ్ళిపోయినా రిలే వదలదు. అది ఒక బిట్ మెమరీ, మన డిజిటల్ లాజిక్ భాషలో లాచ్.

రాయల్ ఫ్లష్ కావాలంటే పది, జాకీ, రాణి, రాజు, ఆసు అయిదూ పడాలి. అయిదు రిలేల్లో ఒక్కో స్విచ్ తీసుకుని వరుసగా ఒకదాని వెనక ఒకటి కలిపితే చాలు. అయిదూ మూసుకుంటేనే చివరి లైటుకి కరెంటు అందుతుంది. అయిదు ఇన్‌పుట్‌ల యాండ్ గేట్. 1937లో క్లాడ్ షానన్ ఎంఐటీలో రాసిన మాస్టర్స్ థీసిస్ సారం ఇదే, రిలే సర్క్యూట్లని బూలియన్ లెక్కలుగా చూడొచ్చని. ఆ థీసిస్‌ని మనం సెకండియర్‌లో పరీక్ష కోసం చదువుతాం. షికాగో ఫ్యాక్టరీలో వైర్లు అతికే కార్మికులు దాన్ని రోజూ చేతులతో చేశారు.

మూత తీస్తే ఇదంతా కంటికి కనబడుతుంది. అందులో ఎక్కడా ర్యాండమ్ నంబర్ ఫంక్షన్ లేదు. ఆట నడుస్తున్నంతసేపు అదృష్టం అంటే గుండు బరువు, బల్ల వాలు, రబ్బరు బిగువు మాత్రమే. ఒక్క చోట తప్ప. ఆట చివర్లో యంత్రం ఒక అంకె చూపిస్తుంది, మీ స్కోరు చివరి అంకెతో అది కలిస్తే ఒక ఆట ఉచితం. దాన్ని మ్యాచ్ అంటారు. అది మాత్రం అచ్చంగా అదృష్టమే. జూదం వాసన పూర్తిగా పోలేదన్నమాట.

ఒకే ఆట, రెండు పేర్లు

ఆ ఉచిత ఆటే మళ్ళీ తలనొప్పి అయింది. కొన్ని రాష్ట్రాల్లో ఫ్రీ గేమ్ కూడా విలువున్న వస్తువే, కాబట్టి అది గెలిపించే యంత్రం జూదమే అన్నారు. దానికి గాట్లిబ్ కంపెనీ 1960లో ఒక జవాబు కనిపెట్టింది. కొడుకు ఆల్విన్ ఆలోచనకి వేన్ నయెన్స్ డిజైన్. ఫ్లిప్పర్ అనే ఆటలో బాగా ఆడితే ఇంకో ఆట రాదు, ఇదే ఆటలో ఇంకో గుండు వస్తుంది. యాడ్ ఎ బాల్ అన్నారు దాన్ని. గుండుని దాచుకుని షాపువాడికి అమ్ముకోలేం కదా. బాగా ఆడినందుకు బహుమతి ఇంకాస్త ఆడటమే.

అప్పట్నుంచి ఒకే ఆటని రెండు రకాలుగా చేయడం మొదలైంది. 1971లో ఎడ్ క్రిన్‌స్కీ డిజైన్ చేసిన డ్రాప్ ఎ కార్డ్‌లో పత్తాల టార్గెట్లు కొడితే కిందికి పడిపోతాయి, గెలిస్తే ఫ్రీ గేమ్. దాన్నే యాడ్ ఎ బాల్‌గా మార్చి 1972లో పాప్ ఎ కార్డ్ అని పేరు పెట్టారు. చట్టం ఒప్పుకునే చోటికి ఒకటి, ఒప్పుకోని చోటికి ఇంకోటి. ఇది చదివిన రోజు నాకు బీదర్ బస్సు గుర్తొచ్చింది. గీతకి ఇటొక యంత్రం, అటొక యంత్రం. తేడా ఏంటంటే గాట్లిబ్ వాళ్ళు గీత చూసి ఆట మార్చారు. నా ఫోన్‌లోది ఏమీ మారలేదు, గీత దాటేదాకా ఆగింది అంతే.

ఇదే వాదన మన దగ్గరా జరిగింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నిజాం కాలపు జూదం చట్టం కింద పెట్టిన కేసు అది. 1967 నవంబరులో కోర్టు చెప్పిందేంటంటే, రమ్మీలో ఏ పత్తా పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది తీన్‌పత్తీలాగా ఉత్త అదృష్టం కాదు, ప్రధానంగా నైపుణ్యం. అయితే క్లబ్బు ఆ ఆట మీద లాభం గుంజుకుంటే సంగతి వేరని కూడా చెప్పింది. ఈ రెండో ముక్క నాలాంటి వాళ్ళకి ఎవరూ చెప్పరు. నైపుణ్యం అన్న మొదటి ముక్క మాత్రం ప్రతి ప్రకటనలో వినబడేది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఇప్పుడు బోర్డర్‌కి రెండు పక్కలా ఒకటే రూలు.

చివరి రోజులు, తర్వాతి రోజులు

గాట్లిబ్ సంపాదన అంతా ఫ్యాక్టరీలోనే ఉండిపోలేదు. షికాగో శివార్లలోని మెల్‌రోజ్ పార్కులో 1961లో గాట్లిబ్ మెమోరియల్ హాస్పిటల్ తెరుచుకుంది. దాని వెనక ఉన్నది ఈ కుటుంబమే. సెంట్లు, నికెళ్ళుగా రాలిన చిల్లర ఆసుపత్రి అయింది. నిషేధించిన నగరాలు ఈ సంగతి ఎలా తీసుకున్నాయో గానీ, అక్కడ వైద్యం అందినవాళ్ళకి మాత్రం చిల్లర ఎక్కడిదన్నది పెద్ద ప్రశ్న అయి ఉండదు.

1974లో డేవిడ్ గాట్లిబ్ చనిపోయాడు. అప్పటికి న్యూయార్క్ నిషేధం అలాగే ఉంది. ఆయన జీవితకాలంలో ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

జవాబు రెండేళ్ళకి వచ్చింది. 1976లో రోజర్ షార్ప్ అనే యువ జర్నలిస్టు న్యూయార్క్ నగర కౌన్సిల్ కమిటీ ముందు పిన్‌బాల్ ఆడి చూపించాడు. ఆడిన యంత్రం గాట్లిబ్ కంపెనీదే, ఎల్ డొరాడో. ఇది అదృష్టం కాదని నిరూపించడానికి, స్ప్రింగు లాగే ముందే గుండు మధ్య దారిలోంచి దిగుతుందని చెప్పి వదిలాడు. అది సరిగ్గా అక్కడే దిగింది. కమిటీ ఏకగ్రీవంగా నిషేధం ఎత్తేయాలంది. నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఆయన ఆ నిర్ణయం తెప్పించింది ఫ్లిప్పర్‌తో కాదు, స్ప్రింగుతో. బాఫిల్ బాల్ నాటి స్ప్రింగు. అది అంత బాగా కుదరడంలో కొంచెం అదృష్టం కూడా ఉందని షార్ప్ తర్వాత ఒప్పుకున్నాడు.

అదే 1976లో కంపెనీ రాయల్ ఫ్లష్ అనే ఆట తెచ్చింది. డిజైన్ క్రిన్‌స్కీది, బొమ్మలు గోర్డన్ మోరిసన్‌వి. 12,000 పైచిలుకు యంత్రాలు తయారయ్యాయి. మళ్ళీ పత్తాలే. కుటుంబం కంపెనీని కొలంబియా పిక్చర్స్‌కి అమ్మేసింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. 1978లో జోకర్ పోకర్ వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అది ఒక మలుపు. దాన్ని రెండు రకాలుగా చేశారు. ఒకటి పాత పద్ధతిలో రిలేలతో, సుమారు 800. ఇంకోటి మైక్రోప్రాసెసర్‌తో, 9,000 పైన. పైన చూస్తే ఒకే ఆట, ఒకే పత్తాలు, ఒకే జోకర్. లోపల ఒకదాంట్లో టకటకలాడే రిలేలు, ఇంకోదాంట్లో నిశ్శబ్దంగా కోడ్. 1979 నాటికి పరిశ్రమలో రిలేల యుగం అయిపోయింది. 1984కి ఆ కంపెనీ కూడా మూతపడింది.

మొన్న సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు అయిదు 12 వోల్టుల రిలేలు కొని పట్టుకెళ్ళాను. ఒక్కోదాంట్లో రెండేసి స్విచ్‌లు ఉన్న రకం, ఎందుకంటే ఒకటి పట్టి ఉంచడానికి కావాలి, ఇంకోటి వరుసలో కలపడానికి. మేకుల బోర్డుని అటక మీంచి దింపి, అయిదు గూళ్ళలో పాత బ్యాటరీ డబ్బా రేకు కత్తిరించి స్విచ్‌లు చేశాను. పది, జాకీ, రాణి, రాజు, ఆసు అని స్కెచ్‌పెన్‌తో రాశాను. మొదటి రోజు మూడో రిలే పట్టుకోలేదు, సోల్డరింగ్ సరిగ్గా లేదు. రెండో రోజు అన్నీ పట్టుకున్నాయి.

నాన్న వచ్చి పక్కన కూర్చుని ఆడాడు. ఆయన చిన్నప్పటి బోర్డు కదా, స్ప్రింగు ఎంత లాగాలో ఆయన చేతికి ఇంకా గుర్తుంది. నేను పది సార్లలో రెండు పత్తాలు పడగొడితే ఆయన నాలుగు పడగొట్టాడు. ఆసు మిగిలింది. ఇది జూదమా అని నవ్వుతూ అడిగాడు. కాదని చెప్పి, ఆ 2,400 సంగతి కూడా చెప్పేశాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. బీదర్ ఎన్నిసార్లు పోయావని అడిగాడు. రెండని చెప్పాను. ఇంకో గుండు పెట్టి స్ప్రింగు లాగాడు. ఆసు పడలేదు.

ఆ బోర్డు ఇప్పుడు హాస్టల్లో నా రూములో ఉంది. ఆడాలనుకున్నవాళ్ళు రావచ్చు. మూత లేదు, వైర్లన్నీ కనబడతాయి. ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.